ఈ ఏడు ఎన్ని వేళ్ళు?

మా ఊరి కోటలోని పెద్ద బురుజుకు పడిన బీట ఏటా ఒక గోరు మందం చొప్పున విచ్చుకుంటోందనీ, ఏదో ఒక రోజు బురుజు రెండుగా చీలి, సగం కోటలోనే ఉండే, ఊరందరికీ అత్త అయిన జుల్మీరా ఇంటి మీద, సగం మరియమాత చర్చి మీద కూలుతుందనీ ఊళ్ళో నమ్మని వాళ్ళు లేరు. తాతల కాలంలో ఆ బీటలో రెండు వేళ్ళు పట్టేవి. తండ్రుల కాలంలో నాలుగు. ఇప్పుడు పిడికిలి పడుతుంది. ఇది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు. ఎవరి చెయ్యి వాళ్ళు పెట్టి చూసుకున్నదే.

చెయ్యి పెట్టడానికి ఒక రోజుంది. ఈస్టర్ నుంచి నలభయ్యో రోజు, క్రీస్తు ఆరోహణ పండుగ గురువారం నాడు, ఊరంతా పొలాలకు పోయి గోధుమ కంకులూ ఆలివ్ రెమ్మా ఎర్రటి గసగసాల పువ్వూ కలిపి చిన్న కట్ట కడుతుంది. మిగతా ఊళ్ళలో ఆ కట్టను తలుపు వెనక తగిలిస్తారు. మేము ఒకటి తలుపు వెనక తగిలించి, రెండోది పట్టుకుని కోట ఎక్కి బురుజు బీటలో దోపుతాం. ఏడాది పొడుగునా ఇంట్లో రొట్టెకు లోటుండదని. నిరుడు దోపిన కట్ట అప్పటికి వానకు నాని, ఎండకు బిగిసి, రాళ్ళ మధ్య కరుచుకుని ఉంటుంది. దాన్ని ఇంటి తాళంచెవితో గీకి తీస్తాం. తీశాక చెయ్యి పెట్టి కొలుస్తాం. ఆ రోజు కోట దారిలో ఎదురైన మనిషిని ఎవరూ కుశలం అడగరు. "ఈ ఏడు ఎన్ని వేళ్ళు?" అని అడుగుతారు.

నేను ముప్పై ఆరేళ్ళు లిస్బన్‌కు దూరంగా ఉన్న ఈ ఊరి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పాను. అంతకు చాలా ముందు, ఏడేళ్ళ వయసులో, ఆ బీటలో మూడు వేళ్ళు పెట్టి, ఇంటికి వచ్చి, బురుజు పడిపోతోందని మా అమ్మ ఒళ్ళో ఏడ్చాను. కాబట్టి నమ్మిన వాళ్ళను చూసి నవ్వే హక్కు నాకు లేదు.

2016 జనవరిలో పురపాలక సంఘం జుల్మీరా అత్తకు తాఖీదు పంపింది. బురుజు ప్రమాదకరమైన స్థితిలో ఉన్నందున ఆరోహణ పండుగ తరవాతి శనివారంలోగా ఇల్లు ఖాళీ చేయాలనీ, ఊరి దిగువన కొత్తగా కట్టిన భవనంలో మూడో అంతస్తులో గది ఇస్తామనీ దాని సారాంశం. కోట గోడల లోపల ఒకప్పుడు పంతొమ్మిది కాపురాలుండేవట. ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. ఇంటి వెనకగోడ అంటూ ఆ ఇంటికి వేరే లేదు. బురుజే దాని వెనకగోడ. చర్చి తాళంచెవి మూడు తరాలుగా ఆ ఇంట్లోనే ఉంటోంది. నెలకొకసారి ఫాదరు వచ్చి పూజ చేసి వెళతారు. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ తలుపు తీసేదీ, కొవ్వొత్తులు మార్చేదీ, గంట గోపురం మీది కొంగలు రాల్చిన పుల్లలు ఊడ్చేదీ ఆమే.

తాఖీదు సంగతి విన్న మరునాడు నేను రెండు ఇత్తడి మేకులు, సిమెంటు, వెర్నియర్ కాలిపర్స్ సంచిలో వేసుకుని కోట ఎక్కాను. బీటకు చెరో పక్కన ఒక్కో మేకు నాటి, వాటి మధ్య దూరం కొలుస్తుంటే వెనక నుంచి ఆమె గొంతు వినబడింది.

"ఏం మాస్టారూ, బురుజుకు జ్వరం చూస్తున్నారా?"

"జ్వరం కాదు జుల్మీరమ్మ గారూ, నడక. నిజంగా కదులుతోందో లేదో వారానికొకసారి వచ్చి చూస్తాను."

"కదలక? మా నాన్న చెయ్యి మణికట్టు దాకా పోయేది కాదు. నాది పోతుంది."

"మీ నాన్నగారి చెయ్యి పెద్దది కదా."

"అయితే నా చెయ్యి చిన్నదని చెప్పడానికి ఇంత దూరం ఎక్కారా?" అని, గుమ్మం మీద తడిబట్ట పిండి లోపలికి వెళ్ళిపోయింది.

నన్ను ఇబ్బంది పెట్టిన విషయం అదే. ఎవరి కోసం నేను ఆ మెట్లు ఎక్కుతున్నానో ఆమె కూడా బురుజు పడుతుందనే నమ్మింది. పడుతుందని నమ్మి, కదలనని కూర్చుంది.

వారం వారం కొలిచాను. చలికీ ఎండకీ మేకుల మధ్య దూరం మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు పెరిగింది, అంతే మేర తగ్గింది. ఇంకో సంగతి కూడా గమనించాను. బురుజు నిజంగా పక్కకు వాలుతుంటే బీట పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండాలి. ఇక్కడ పిడికిలి పట్టేది మనిషి రొమ్ము ఎత్తులో మాత్రమే. నిచ్చెన వేసుకుని పైన చూస్తే ఒక నాణెం కూడా దూరదు. చేతులు అందే చోటే విచ్చుకునే బీటను నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. రాళ్ళ మధ్య సున్నాన్ని గీకినదేదో నాకు స్పష్టంగా కనబడింది: నాతో సహా మూడు తరాల తాళంచెవులు.

పండుగకు ముందురోజు, బుధవారం మధ్యాహ్నం, ఈ మాటే జుల్మీరా అత్త గుమ్మం ముందు చెప్పాను. ఆమె పెద్ద చిక్కుడు కాయలు ఒలుస్తోంది. తాపీ మేస్త్రీ బెల్మీరో పక్కన మెట్టు మీద కూర్చుని, ఒలిచినవి ఒలిచినట్టు తింటున్నాడు.

"అంటే మా తాళంచెవులు కోట బురుజును చీల్చాయంటారు," అన్నాడు బెల్మీరో. "ఈ సంగతి రాజుగారికి అప్పుడే తెలిసుంటే ఫిరంగులు కొనే శ్రమ తప్పేది."

"చీల్చలేదయ్యా. బీట పాతదే. దాని నోరు మాత్రం మనం పెద్దది చేశాం."

"మరి పైన ఎందుకు విచ్చుకోలేదు?"

"అక్కడ మన చేతులు అందవు కాబట్టి."

"కాదు మాస్టారూ. పైన మరియమాత పట్టుకుని ఉంది," అన్నాడు బెల్మీరో. హాస్యానికన్నాడో నిజంగానే అన్నాడో నేటికీ నాకు తెలియదు. "గింజలు బాగున్నాయత్తా. కొత్తిమీర వేసి వండితే రేపు నేనిక్కడే."

"శనివారం నువ్విక్కడ నా సామాను మోయడానికి వస్తున్నావని ఊళ్ళో చెప్పుకుంటున్నారు."

"నేనా? ఆ పాపం నాకొద్దు. మీ బీరువా మోస్తే నేనే రెండుగా చీలతాను."

అప్పుడే కౌన్సిలర్ గల్యార్దో మెట్లెక్కి వచ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి. ఒకప్పుడు నా తరగతిలో ముందు బల్ల మీద కూర్చునేవాడు. చేతిలో చివరి తాఖీదు, చంకలో ఒక చట్రం కట్టిన ఫోటో. చెడ్డవాడు కాడు. అతను భయపడుతున్నాడు, అంతే. ఖాళీ చేశాక ఆ ఇంటి స్థానంలో, కోట చూడవచ్చిన వాళ్ళ కోసం కాఫీ దుకాణం పెడతారన్న మాట కూడా ఉందిగాని, అతని నిద్ర చెడగొట్టింది దుకాణం కాదు.

"అత్తా, ఇది చూడు," అంటూ ఫోటో ఆమె ఒడిలో పెట్టాడు. "మా తాత. బీటలో రెండు వేళ్ళు. రెండే. ఇప్పుడు చూడు."

"మీ తాత మీసాలు బాగున్నాయి. నీకు రాలేదు," అంది ఆమె.

"నవ్వులాట కాదు. రేపు ఊరంతా ఇక్కడికి వస్తుంది. ఒక రాయి ఊడి ఒక్క పసిబిడ్డ మీద పడితే ఎవరిది బాధ్యత? నీదా, మాస్టారిదా?"

నేను నా లెక్కలు చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"నాలుగు నెలలు కదల్లేదు. సరే. ఏడు వందల ఏళ్ళ బురుజు నాలుగు నెలలు కదల్లేదంటే అది నిలిచిందనా అర్థం, నిద్రపోతోందనా? తక్కువ కాలం చూసి ఎక్కువ కాలానికి తీర్పు చెప్పకూడదని మీరే నేర్పారు మాస్టారూ."

నేర్పిన మాట నిజం. అతను నాకు చెప్పిన జవాబు సరైనది. దాన్ని కాదనాలంటే నా మేకులు నలభై ఏళ్ళ క్రితమే నాటి ఉండాలి.

జుల్మీరా అత్త ఫోటో తిరిగి ఇచ్చి, అతని చేతిలోని తాఖీదును అందుకుని చిక్కుడు తొక్కల బుట్టలో పెట్టింది.

"మీరిద్దరూ ఒకటే," అంది. "ఒకడు పడుతుంది కాబట్టి వెళ్ళమంటాడు. ఒకరు పడదు కాబట్టి ఉండమంటారు. నన్నెవరూ అడగరేం? ఈ గోడకానుకుని మా అమ్మ నన్ను కంది. ఈ గోడకానుకునే పోయింది. పడినా నా గోడే, పడకపోయినా నా గోడే. శనివారం వచ్చి నన్ను మోసుకెళ్ళండి. కాళ్ళు ఆడిస్తాను, ముందే చెబుతున్నాను."

గల్యార్దో తలుపు మూలన పాలు తాగుతున్న పిల్లి వైపు చూపు తిప్పాడు. నేనూ అటే చూశాను. పిల్లి తాగుతున్నది పాత మట్టి సూపు గిన్నె. దాని అంచు లోపల వేలి మందాన తెల్లటి పెచ్చు గట్టిగా అంటుకుని ఉంది.

"ఆ గిన్నెకు అంటుకున్నదేమిటి?" అని అడిగాను.

"అదా? దాని కథ అడక్కండి. మా అమ్మ చచ్చేదాకా ఆ గిన్నె కోసం ఏడ్చింది. అరవైతొమ్మిదిలో భూకంపం వచ్చిందే, ఆ తరవాత లిస్బన్ నుంచి ఒకాయన వచ్చాడు. పొడుగాటి మనిషి, తల గుమ్మానికి కొట్టుకున్నాడు. ఏదైనా గిన్నె ఇమ్మని అడిగితే అమ్మ మర్యాదకని మంచిది ఇచ్చింది. దాంట్లో ప్లాస్టర్ కలిపి పాడుచేసి ఇచ్చాడు."

"ప్లాస్టర్ దేనికి?"

"గోడకి పూయడానికి. దేనికైతేనేం, గిన్నె పోయింది."

"ఎక్కడ పూశాడు?"

"బయట ఇక్కడ ఒకటి, ఈ బీటే లోపల చర్చిలో ఫాదరు వస్త్రాల గదిలో తేలుతుంది, అక్కడ ఒకటి. చిన్న పట్టీ. అంత చిన్న పట్టీకి అంత పెద్ద గిన్నెనా అని అమ్మ బాధ. ఫాదరుకు అది గోడ మీద కట్టు కట్టినట్టు కనబడి నచ్చలేదు. బీరువా తెచ్చి దాని ముందు పెట్టించాడు. లిస్బన్ ఆయన మళ్ళీ రాలేదు."

బెల్మీరో నమలడం ఆపాడు. అతను మేస్త్రీ, అతనికి అర్థమైంది.

"సాక్షి," అన్నాడు.

అవును. మేస్త్రీలు దాన్ని అలాగే పిలుస్తారు. గోడ బీటకు అడ్డంగా పలచటి ప్లాస్టర్ పట్టీ వేసి వదిలేస్తారు. ప్లాస్టర్ సాగదు. గోడ కదిలితే అది విరుగుతుంది. వెంట్రుకంత కదిలినా విరుగుతుంది. బయటి సాక్షిని మా ఊరి తాళంచెవులు ఎప్పుడో గీకి నేల పాలు చేశాయి. లోపలిది బీరువా వెనక ఉంది. లేదా, దాని ముక్కలున్నాయి.

"గల్యార్దో," అన్నాను. "నాలుగు నెలలు చాలవన్నావు. నలభై ఏడేళ్ళు చాలుతాయా?"

"బీరువా కదపాలంటే పైనుంచి అనుమతి కావాలి," అన్నాడు అతను.

"తాళంచెవి నా దగ్గరుంది," అంది జుల్మీరా అత్త. "ఊడవడానికి ఎవరి అనుమతీ అడగలేదు ఇన్నాళ్ళూ. రేపు బీరువా వెనక ఊడుస్తాను."

మరునాడు పది గంటలకల్లా కోట నిండిపోయింది. కంకుల కట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు, కొత్త చొక్కాల మగవాళ్ళు, అమ్మల చంకల్లో బిడ్డలు. గల్యార్దో బురుజు చుట్టూ తాడు కట్టించాడు. తాడు ఇవతల నిలబడి జనం గొణిగారు. రొట్టెకు లోటొస్తే కౌన్సిలర్ ఇంటికొచ్చి తింటామని ఒక ముసలావిడ గట్టిగానే అంది.

నేను తాడు దగ్గరికి వెళ్ళి అతన్ని అందరి ముందూ అడిగాను. ఇలాంటి పని గదిలో అడిగితే గదిలోనే మిగిలిపోతుందని నా అనుభవం.

"లోపల సాక్షి ఉంది. అది విరిగి ఉంటే, నీ మాటే నిజం. నేనే జుల్మీరమ్మ గారి సామాను నా భుజం మీద దించుతాను. విరగకపోతే?"

జనం అతని వైపు తిరిగారు. అతని మెడ ఎర్రబడింది. కాని వెనక్కి తగ్గలేదు. ఆ విషయంలో అతన్ని నేను మెచ్చుకోవాలి.

"విరగకపోతే తాఖీదు నేనే చించుతాను. తాడు నేనే విప్పుతాను. అందరూ విన్నారుగా."

"మీరు మోస్తారా, మాస్టారూ?" అంది వెనక నుంచి జుల్మీరా అత్త. "నడుం విరుగుతుంది. అప్పుడు మీకో పట్టీ వెయ్యాలి."

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. మూడు తరాల నాటి ఆ ఇనుప తాళంచెవిని రెండు చేతులా పట్టుకుని చర్చి తలుపు దగ్గర నిలబడింది. నేను దగ్గరికి వెళ్ళాక, నాకు మాత్రమే వినబడేటట్టు అంది.

"విరిగే ఉంటుంది. నాకు తెలుసు. రాత్రుళ్ళు ఆ గోడలో చప్పుళ్ళు వింటాను నేను."

"పాత గోడల్లో ఎలుకలుంటాయి."

"ఎలుకలైతే పిల్లికి తెలియదా?" అంది. "విరిగి ఉంటే అదే చెప్పండి. నా కోసం అబద్ధం ఆడకండి. నేను ఎలాగూ వెళ్ళను. కాని ఇన్నేళ్ళు ఏ గోడకానుకుని పడుకున్నానో నాకు తెలియాలి."

ఈ చదువంతా చదివి, ఇంత సూటిగా ఒక ప్రశ్నను నేను ఎన్నడూ అడగలేకపోయాను.

తలుపు తెరుచుకుంది. లోపల చల్లగా, మైనపు వాసనతో ఉంది. బలిపీఠానికి ఎడమ పక్కన వస్త్రాల గది. దాని ఒక గోడ బురుజే. చెస్ట్‌నట్ కర్రతో చేసిన ఆ బీరువా మనిషి ఎత్తుకు మించి ఉంది. ముందు దాన్ని ఖాళీ చేయాల్సి వచ్చింది. జరీ అంగీలు, కుట్టుపూల తెల్లబట్టలు, విరిగిన కొవ్వొత్తి స్తంభాలు, ఒక చెయ్యి లేని సెయింట్ బార్బరా బొమ్మ, ఒక్కొక్కటే జుల్మీరా అత్త అందుకుని బల్ల మీద పరిచింది. తొందరపడమన్న వాళ్ళను ఒక్క చూపుతో ఆపింది. తరవాత బెల్మీరో, మరో నలుగురు భుజాలు ఆనించారు.

"ఒకటి, రెండు... ఎవడురా తొయ్యకుండా మూలుగుతున్నది?"

"నువ్వే!"

"నాది మూలుగు కాదు, లెక్క. తొయ్యండి!"

బీరువా కాళ్ళు నేలరాతి మీద కీచుమని జరిగాయి. మొదట జానెడు. తరవాత మూరెడు. దాని వెనక నుంచి బూజు తెరలా దిగింది. గుమ్మం దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. "ఎన్ని వేళ్ళు?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

బెల్మీరో టార్చి వెలిగించాడు. నేను ముందుకు వెళ్ళలేదు. నా మీద నాకు నమ్మకం లేక కాదు. విరగకూడదని కోరుకునేవాడి కళ్ళను ఊరు నమ్మదు.

"నువ్వు చూడు," అన్నాను గల్యార్దోతో. "నీ కళ్ళు నావాటికంటే మంచివి. పైగా బురుజు కదులుతోందన్నది నువ్వే."

అతను కోటు విప్పి పక్కనున్న ఆవిడకిచ్చి, సందులోకి పక్కగా దూరాడు. మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో బూజు తుడిచాడు. జుల్మీరా అత్త ఒంటిచేతి సెయింట్ బార్బరాను గుండెకు హత్తుకుని నిలబడింది. గోపురం మీద కొంగలు ముక్కులు టపటపలాడించాయి.

గల్యార్దో బొటనవేలి గోటిని గోడ మీద ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా లాగాడు. మళ్ళీ కుడి నుంచి ఎడమకు. టార్చి దగ్గరగా అడిగి తీసుకుని మూడోసారి లాగాడు. గోరు ఎక్కడా తట్టలేదు. ఆ తరవాత లేచి, పక్కకు జరిగి మాకు దారి ఇచ్చాడు.

బీటకు అడ్డంగా అరచేయి పొడవున ఒక ప్లాస్టర్ పట్టీ ఉంది. తడిగా ఉన్నప్పుడే దాని మీద మేకుతో 14-3-1969 అని తేదీ గీశారు. పట్టీ ఈ కొస నుంచి ఆ కొస వరకు ఒక్కటిగా ఉంది. వెంట్రుక మందం పగులు కూడా లేదు.